పసుపు కుంకుమ డబ్బు, సముద్రం దాటే బండి

గుంటూరు నుంచి ఒక సోదరి చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, పేట రాయొద్దని కోరారు. సారాంశం ఇది.

ఆమె వయసు 43, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్తకు 47, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో సగం వాటాదారు. ఒక్కతే కూతురు, ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. భర్తకు బండి మీద దూరాలు తిరగడమంటే ప్రాణం. లడఖ్ రెండుసార్లు వెళ్లొచ్చారు. రెండేళ్ల కిందట వాయిదాల మీద రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ మోటారు సైకిల్ కొన్నారు, ఇంకా 11 వాయిదాలు కట్టాలి. ఇప్పుడు ఆ బండిని చెన్నైలో ఓడెక్కించి దుబాయ్‌కి పంపి, అక్కడి నుంచి ఇరాన్, టర్కీ మీదుగా జార్జియా వరకు 70 రోజులు తిరిగి రావాలని ఆయన పట్టుదల. యార్డులో సీజన్ అయిపోతుంది కాబట్టి జూన్‌లో బయల్దేరతారట. తిరగడానికి అయ్యే ఖర్చు ఆయన దగ్గర ఉంది. చిక్కల్లా 'కార్నెట్' అనే కాగితం దగ్గర వచ్చింది. దానికి బ్యాంకు గ్యారంటీ కావాలి, ఆ గ్యారంటీకి 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తాకట్టు పెట్టాలి. ఆ డిపాజిట్ ఈమె పేరున ఉంది. పెళ్లప్పుడు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం అమ్మితే, ఇల్లు కట్టగా మిగిలిన డబ్బది. పాప ఇంజినీరింగుకని దాచారు.

"డబ్బెక్కడికీ పోదు, బ్యాంకులోనే ఉంటుంది, వడ్డీ కూడా వస్తుంది. ఒక్క సంతకానికి ఇంత ఆలోచనా?" అంటారు భర్త. "వాడు తాగడు, పేకాడడు. ఉన్న ఒక్క సరదా కాదనకు" అంటారు అత్తగారు. "సంతకం పెడితే ఆ డబ్బు మీద ఆశ వదులుకో" అంటారు అన్నయ్య. మన విశాఖ అబ్బాయి భరద్వాజ్ దయాల బండి మీద ప్రపంచమంతా చుట్టి రాలేదా అని భర్త రోజూ గుర్తుచేస్తున్నారట. రెండు వారాలుగా ఇంట్లో మాటల్లేవు. "కాదంటే ఆయన ముచ్చట చంపినదాన్నవుతాను. సరేనంటే పాప డబ్బుతో ఆడుకున్నదాన్నవుతాను. అసలు ఆ గ్యారంటీ డబ్బు నిజంగా తిరిగొస్తుందా?" అని అడిగారు.

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఇంట్లో అందరూ ఆ ఒక్కదాని చుట్టూనే మాట్లాడుతున్నారు. దాన్ని విప్పి చూసినవాళ్లు మాత్రం ఎవరూ ఉన్నట్టు లేదు.

మనం ఒక బండిని పరాయి దేశంలోకి తీసుకెళ్తే, అక్కడి కస్టమ్స్ లెక్కలో అది దిగుమతే. అమ్మేసి చేతులూపుకుంటూ వచ్చేస్తే వాళ్లకు రావలసిన సుంకం పోతుంది. అలాగని నాలుగు రోజులు తిరిగి వెళ్లిపోయే యాత్రికుడి దగ్గర సుంకం కట్టించుకోవడమూ న్యాయం కాదు. ఈ చిక్కు తీర్చడానికి 1954లో న్యూయార్క్‌లో ఒక ఒప్పందం కుదిరింది. ఇప్పటి కార్నెట్ నడిచేది దాని ప్రకారమే. మన దేశంలో దాన్ని ఆటోమొబైల్ అసోసియేషన్లు ఇస్తాయి, ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ అందులో ఒకటి. 'ఈ బండి మీ దేశం నుంచి బయటికి వెళ్లకపోతే సుంకానికి మాదే పూచీ' అని అసోసియేషన్ ఆ దేశానికి మాటిస్తుంది. ఆ మాట ఇచ్చే ముందు మీ వారి దగ్గర పూచీకత్తు పెట్టించుకుంటుంది. అదే మీ 6 లక్షల గొడవ.

కార్నెట్ చూడటానికి ఒక పుస్తకం. దేశానికొక పేజీ. పేజీలో మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక ముక్క చించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఇంకోటి చించుకుంటారు. మూడో ముక్క పుస్తకంలోనే ఉండిపోతుంది, దాని మీద వచ్చిన ముద్ర, వెళ్లిన ముద్ర రెండూ పడాలి. మీ డబ్బు భద్రంగా ఉందా లేదా అన్నది ఆ మూడో ముక్క మీద ఉంది. అర్ధరాత్రి ఏ సరిహద్దులోనో, అలసిపోయి, రెండో ముద్ర వేయించుకోకుండా ముందుకెళ్లిపోతే ఆ దేశం లెక్కలో బండి ఇంకా అక్కడే ఉన్నట్టు. అప్పుడు సుంకం కట్టమని అడుగుతారు, అసోసియేషన్ గ్యారంటీ మీద పడుతుంది. దీనికి విరుగుడు లేకపోలేదు. బండి మన దేశానికి తిరిగొచ్చిందని అధికారులతో ధ్రువీకరణ తీసుకుని పంపి సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ అది నెలల తరబడి సాగే ఉత్తర ప్రత్యుత్తరాల పని. బండి పోయినా, ప్రమాదంలో తునాతునకలై అక్కడే వదిలేయాల్సి వచ్చినా ఇదే తంతు.

కాబట్టి 'డబ్బు పోదు' అన్న మీ వారి మాట చాలావరకు నిజం. జాగ్రత్తగా ముద్రలు వేయించుకుంటూ తిరిగొచ్చేవాళ్లకు గ్యారంటీ తిరిగొస్తుంది. మీ అన్నయ్య చెప్పినట్టు ఆశ వదులుకోవలసినంత డబ్బు కాదది. అయితే మీ వారు చెప్పనిది, మీరు అడగనిది ఒకటుంది. ఎప్పుడు తిరిగొస్తుంది?

ఆయన గుంటూరు వచ్చి ఇంట్లో అడుగుపెట్టిన రోజున రాదమ్మా. ముందు బండి ఓడలో తిరిగి రావాలి. మన కస్టమ్స్ ముద్ర పడాలి. పుస్తకాన్ని అసోసియేషన్‌కు అప్పగించాలి. వాళ్లు ప్రతి పేజీ సరిచూసుకుని, లెక్క తేలిందని రాసిస్తేనే బ్యాంకు మీ డిపాజిట్ మీద తాకట్టు ఎత్తేస్తుంది. కార్నెట్ గడువు ఏడాది, గ్యారంటీ గడువు అంతకంటే ఎక్కువే అడుగుతారు. ఇప్పుడు పాప సంగతి చూడండి. ఈఏపీసెట్ అయ్యాక కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు, సీటు వస్తే కాలేజీలో కట్టాల్సిన ఫీజు, హాస్టలు అన్నీ జులై, ఆగస్టుల్లోనే. ఆయన జూన్‌లో బయల్దేరి 70 రోజులు తిరిగితే, సరిగ్గా అప్పుడు మీ దగ్గర ఆ డబ్బూ ఉండదు, ఆయనా ఉండరు. మీ ఉత్తరంలో ఈ మాట ఎక్కడా లేదు. భయమైతే ప్రతి పేజీలోనూ ఉంది. ఆ భయానికి ఆధారం ఇదేనని నాకనిపిస్తోంది. ఆయన మీద నమ్మకం లేక కాదు, రెండు పనులూ ఒకే నెలల మీద వచ్చి పడ్డాయి. భార్యాభర్తలు దీన్ని 'నా సరదా, నీ మొండితనం' అనుకుంటూ పోట్లాడుకుంటే తెగదు. క్యాలెండర్ ముందు పెట్టుకుంటే తెగుతుంది.

ఆ డబ్బు ఎవరిదన్న విషయంలో కూడా మీకు సందేహం అక్కర్లేదు. పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి స్త్రీధనం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దాని మీద పూర్తి హక్కు మీదే. డిపాజిట్ మీ పేరున ఉంది కాబట్టి మీ సంతకం లేకుండా బ్యాంకు దాన్ని తాకట్టు పెట్టుకోదు. అత్తగారు, అన్నయ్య చెప్పేది వినండి, తప్పులేదు. నిర్ణయం మాత్రం మీరు తీసుకోండి. 'నేను పెట్టను' అని ఒక్కమాటతో కొట్టేయకుండా, 'ఇవి తేల్చి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం' అని అడిగే హక్కు ఆ సంతకం మీకిస్తోంది.

ఏం తేల్చాలో చెప్తాను. మొదటిది బండి లోను. 11 వాయిదాలున్నాయంటే ఆర్‌సీ మీద ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరుంటుంది. వాళ్లకు తాకట్టులో ఉన్న బండిని దేశం దాటించాలంటే వాళ్ల నిరభ్యంతర పత్రం కావాలి. నన్నడిగితే ఈ పని మొదలుపెట్టే ముందే లోను తీర్చేసి, ఫారం 35తో ఆర్టీవో ఆఫీసులో ఆ పేరు తీయించుకోవడం మంచిది. ఒకే బండి కోసం రెండు తాకట్లు ఏ ఇంటికీ నిద్ర పట్టనివ్వవు.

రెండోది రవాణా ఖర్చు. దీని మీద ఆయన దగ్గర ఎంత లెక్క ఉందో మీ ఉత్తరంలో లేదు. రెండేళ్ల కిందట మా పక్కింటబ్బాయి బండి పంపేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో దగ్గరుండి చూశాను కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను. లారీ బాడీలు కట్టే వడ్రంగి పెట్టె కట్టాడు. బండిని బల్ల మీదికెక్కించి, ట్యాంకులో పెట్రోలంతా తీసేశారు, బ్యాటరీ వైర్లు ఊడదీశారు. ముందు చక్రం విప్పి పక్కన కట్టారు. హ్యాండిలు, అద్దాలు, ముందు గాజు తీసేశారు. ముందు ఫోర్కుని నాలుగు బెల్టులతో కిందికి లాగి బిగించారు, ఓడ ఊగినా బండి కదలకుండా. చక్రం, హ్యాండిలు, అద్దాలు విప్పడం చోటు కోసమే. బండి బరువు 196 కిలోలే అయినా, విమానంలో పంపితే పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. చక్రం విప్పకుండా 230, 100, 135 కొలతల పెట్టె కడితే 517.5 కిలోలకు కట్టాలి. విప్పి 195, 80, 115కి కుదిస్తే 299 కిలోలు. ఓడలోనూ అంతే, కంటైనర్‌లో ఆక్రమించే చోటుకు డబ్బు. మొదటి పెట్టె 3.1 ఘనపు మీటర్లు, రెండోది 1.8. వడ్రంగి దగ్గర ఒక పూట కూర్చుంటే ఎంత మిగులుతుందో మీరే చూడండి, మీరు లెక్కల టీచరు.

అంత ముచ్చటగా కట్టిన పెట్టె చెన్నైలో ఆగిపోయింది. చెక్కకు పురుగు పట్టకుండా వేడిచేసినట్టు ముద్ర ఉండాలి, గోధుమ కంకి బొమ్మ, పక్కన హెచ్‌టీ అక్షరాలు. మామూలు అడితి చెక్కకు అది ఉండదు. ఆ అబ్బాయికి బుకింగు ఇప్పించిన ఏజెంటు ఆ సంగతి చెప్పలేదు. మళ్లీ ముద్ర ఉన్న చెక్కతో కట్టించే సరికి ఆ ఓడ వెళ్లిపోయింది. అందుకని మీ వారిని పెట్టె గురించి అడగండి. ఇంకా ముఖ్యంగా, ఏజెంటు చెప్పిన ధర ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడగండి. చాలామంది రేవు నుంచి రేవుకి మాత్రమే చెప్తారు. అవతల దింపుడు చార్జీలు, కంటైనర్ విప్పే చార్జీలు, రోజు ఆలస్యమైతే గోదాము అద్దె, కస్టమ్స్ ఏజెంటు ఫీజు అన్నీ విడిగా వస్తాయి. తిరుగు ప్రయాణానికీ ఇవన్నీ మళ్లీ ఉంటాయి. రానూపోనూ మొత్తం ఒక కాగితం మీద రాయించండి. తిరిగిరాని డబ్బు ఇదేనమ్మా. గ్యారంటీ గురించి ఇంత గొడవ పడుతూ దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా అనిపించింది.

మూడోది దారి. జూన్, జులైలో దుబాయ్ ఎండలో హెల్మెట్, జాకెట్ వేసుకుని బండి నడపడం, మన రోహిణీ కార్తె ఎండలు తెలిసినవాళ్లం, చెప్పాలా? ఇరాన్ సంగతి అంతకంటే ముఖ్యం. 2025 జూన్‌లో అక్కడ యుద్ధం జరిగింది. ఆ దారి మీద మన విదేశాంగ శాఖ ఏం హెచ్చరిస్తోందో బయల్దేరే నాటికి చూసుకోకుండా ప్లాను వేయకూడదు. కార్నెట్ తప్పనిసరిగా అడిగే దేశాల్లో ఇరాన్ ఒకటి. గ్యారంటీ ఎంతన్నది బండి విలువను బట్టి, వెళ్లే దేశాలను బట్టి మారుతుంది. టర్కీ, జార్జియాల్లో కార్నెట్ అడగరు, సరిహద్దులోనే బండి వివరాలు రాసుకుని గడువిస్తారు. అంటే బండిని చెన్నై నుంచి నేరుగా టర్కీ రేవుకో, జార్జియాలో 'పోటీ' అనే ఊరి రేవుకో పంపితే మీ 6 లక్షల ప్రసక్తే రాకపోవచ్చు. కాకపోతే కార్నెట్ లేకుండా పంపిన బండి తిరిగొచ్చినప్పుడు, ఇది ఇక్కడి నుంచి వెళ్లిన బండేనని చెన్నై కస్టమ్స్‌కు రుజువు చేయాలి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఎగుమతి కాగితాల్లో ఎక్కించి, తాత్కాలికంగానే పంపుతున్నామని ముందే రాయించాలి. కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడి ఇది ఖాయం చేసుకున్నాకే అడుగెయ్యాలి. 'ఇరాన్‌తో కలిపి గ్యారంటీ ఎంత, ఇరాన్ లేకుండా ఎంత, టర్కీ నుంచే మొదలుపెడితే కావాలా' అని అసోసియేషన్‌కు మెయిలు పెట్టమనండి. దానికొచ్చే జవాబు మీ ఇంటి గొడవను సగం తీర్చగలదు.

ఇక మీ ముందున్న దారులు.

సంతకం పెట్టి ఈ జూన్‌కే పంపడం ఒకటి. అలాగైతే పాప మొదటి ఏడాది ఫీజు, హాస్టలు ఖర్చు విడిగా, మరో ఖాతాలో, ఆయన వెళ్లకముందే జమ కావాలి. కౌన్సెలింగ్ రోజుల్లో ఆయన ఏ ఊళ్లో ఉన్నా ఫోనుకు దొరకాలి. ఇవి రెండూ కుదిరితే ఆయన ఏడాదంతా మీకు కృతజ్ఞతతో ఉంటారు. కుదరకుండా వెళ్తే, పాప సీటు విషయంలో ఏ చిన్న పొరపాటు జరిగినా అది జీవితాంతం ఆ బండి ఖాతాలోనే పడుతుంది. ఆయనకూ అది భారమే.

డిపాజిట్ మీది ముట్టకుండా, ఆయన తన కొట్టు వాటా మీదో తన పొదుపు మీదో గ్యారంటీ తెచ్చుకోవడం రెండో దారి. ఇందులో మీకు రిస్కు తగ్గుతుంది. కానీ కొట్టు డబ్బు కదిలిస్తే భాగస్వామితో చెప్పాలి, వచ్చే సీజన్‌కు రైతులకిచ్చే అడ్వాన్సులకు చెయ్యి ఆడాలి. ఆయన ఈ దారి ఎందుకు చూడలేదో అడగండి. నిందగా కాదు, తెలుసుకోవడానికి. కొట్టు పరిస్థితి మీకు చెప్పనిదేమైనా ఉంటే అది కూడా ఇక్కడే బయటపడుతుంది.

ఏడాది ఆగడం మూడోది. పాప కాలేజీలో చేరి కుదురుకుంటుంది, లోను తీరిపోతుంది, గ్యారంటీకి ఆయనే సొంతంగా కొంత కూడబెట్టుకుంటారు. ఈలోగా ఇదే బండి మీద నేపాల్ వెళ్లి రావచ్చు. సొనౌలీ దగ్గరో రక్సౌల్ దగ్గరో భన్సార్ అనే పర్మిట్ తీసుకుంటే మన బండ్లకు కార్నెట్ అక్కర్లేదు, ఓడా అక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీకి అదనపు ప్రీమియం కడితే మన పాలసీనే నేపాల్‌కు పొడిగిస్తారు. సరిహద్దు దాటడం, ముద్రలు, కాగితాలు జాగ్రత్త చేయడం ఎలాగుంటుందో ఆయనకూ అలవాటవుతుంది. ఇబ్బందల్లా 47 ఏళ్ల మనిషికి 'వచ్చే ఏడాది' అంటే 'ఇంకెప్పటికీ కాదు' అని వినబడటం. అందుకే నెల, సంవత్సరం వేసి మాటివ్వాలి. ఆ మాట మీద నిలబడే ఉద్దేశం మీకు లేకపోతే ఈ దారి ఎంచుకోవద్దు. అది మోసమవుతుంది.

బండి ఇక్కడే ఉంచి, విమానంలో జార్జియా వెళ్లి ట్బిలిసీలో అద్దె బండి తీసుకోవడం ఇంకోటి. ఓడ కిరాయి 20 రోజులు తిరిగినా అంతే, 100 రోజులు తిరిగినా అంతే. మూడు నాలుగు వారాల తిరుగుడుకైతే అద్దె బండి చాలా తేలిక. రెండు మూడు నెలలైతే సొంత బండి పంపడంలో అర్థముంది. ఆయన కావాలనుకునేది కొండలూ దారులూ అయితే అద్దె బండితో తీరిపోతుంది. తన సొంత బండి, ఏపీ నంబరు ప్లేటుతో, టర్కీ రోడ్డు మీద నిలబడి ఫోటో దిగాలన్నది కోరికైతే తీరదు. ఆ రెండో కోరికను తక్కువ చేయకండి. భరద్వాజ్ దయాల 2006లో 223 సీసీ కరిజ్మా మీద విశాఖ నుంచి బయల్దేరి, మరుసటి ఏడాది తిరిగొచ్చారు. ఒక తెలుగువాడు ఇక్కడి నంబరు బండితో ఆ పని చేశాడన్నది మీ వారిలాంటివాళ్ల గుండెల్లో ఎంత లోతుగా నాటుకుందో నేను చూశాను. మీ వారు ఆయన పేరెత్తినప్పుడల్లా మీకు అది దెప్పిపొడుపుగా వినబడుతోంది. 'నాకూ ఒకసారి' అని అడగడం కూడా కావచ్చు అది.

ఏ దారైనా తప్పనివి కొన్ని. ఆర్టీవో దగ్గర 4ఏ ఫారంతో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఫీజు 1000 రూపాయలు, గడువు ఏడాది. ట్రావెల్ ఇన్సూరెన్సు కాగితం మీరే చదవండి. చాలా పాలసీల్లో మోటారు సైకిల్ నడుపుతూ జరిగిన ప్రమాదాలు వర్తించవని చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఇన్ని సీసీల వరకే అని ఉంటుంది. ఆ బండి సీసీకి వర్తించే పాలసీ, ఆస్పత్రి ఖర్చుతో పాటు ఇంటికి చేర్చే ఖర్చూ ఇచ్చేది తీసుకోవాలి. 'ఏదైనా జరిగితే' అని మీరు మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశారు. ఆ మాట ఆయనతో పైకి అనండి. అశుభం పలికినట్టు కాదు. బ్యాంకు ఖాతాల నామినీలు, కొట్టు బాకీల చిట్టా, కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు బాండ్లు ఎక్కడున్నాయో మీకు తెలియకుండా ఆయన సముద్రం దాటకూడదు. ఇది భార్యగా అడగాల్సిందే.

వచ్చే ఆదివారం యార్డు ఉండదు, బడి ఉండదు. క్యాలెండరు, కాగితం, పెన్ను పెట్టుకుని ముగ్గురూ కూర్చోండి. అవును, పాప కూడా. కౌన్సెలింగ్ ఏ నెలలో ఉంటుందో, ఏ కాలేజీలో ఫీజు ఎంతో మీ ఇద్దరికన్నా తనకే బాగా తెలుసు. అన్నీ మాట్లాడుకున్నాక మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.